ఆటగాని నెఱుగుట

ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడుగను, నిర్వాహకుడుగను, ఆటగాళ్లను కొనువాడుగను ఏకకాలమున వ్యవహరింపవలసిన కంప్యూటరు క్రీడలు కొన్ని కలవు. వానిలో ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనుదానిని మొదటిసారి తెరచి, తనకు నచ్చిన జట్టును స్వీకరించి, బెజవాడలో పటమటలోనో సత్యనారాయణపురములోనో తన గదిలో కూర్చున్న విద్యార్థికి ఎదురగు ప్రథమ సమస్య, తన అధీనములోనికి వచ్చిన ఆ ముప్పదిమంది మనుష్యులు ఎట్టివారో తెలిసికొనుట. బంతిని తన్నుట ఈ క్రీడలో ఆడువాని పని కానే కాదు. ఎవరిని ఎచ్చట నిలుపవలెను, ఎవరికి విశ్రాంతి నొసగవలెను, ఎవరిని వదలుకొనవలెను అను నిర్ణయములే అతని పని. ఆ నిర్ణయములన్నియు మనుష్యులను గూర్చిన ఎఱుకపై నాధారపడి యుండును గనుక, చూచుటకు వినోదమాత్రముగా తోచు ఈ క్రీడ, పరుల శక్తిని బయటినుండి చూచి అంచనా కట్టు శాస్త్రమును అభ్యసించుటకు చాల అనువైనది. ఆ శాస్త్రమును నిర్మించిన మహనీయులలో ఒకరు నాటి కృష్ణామండలమునందలి నూజివీడు, నందిగామలలో బడికి పోయిన బాలుడగుటచేత, ఈ విషయమును డెల్టావాసులు తమ సొంత విషయముగా భావించుటకు హక్కు కలదని నా తలంపు.

ఈ జాతి క్రీడలకు ఆద్యుడు కెవిన్ టామ్స్ అను ఆంగ్లేయుడు. 1982లో అతడు చిన్న కంప్యూటర్ల కొఱకు రచించిన క్రీడకును ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనియే పేరు. 1992లో పాల్ కోలియర్, ఆలివర్ కోలియర్ అను సోదరులు ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ను వెలువరించిరి. వారి సంస్థయగు స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ తన ప్రచురణకర్తలనుండి విడివడిన పిదప, 2004లో తన క్రీడకు ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అను ఆ పాతపేరునే గ్రహించినది. నేడు లోకమెఱిగినది ఇదియే. గోల్‌కీపర్లను మినహాయించినచో, ప్రతి ఆటగానికిని ఇందులో 36 గుణములు కనబడును: బంతితో చేయు పనులకు సంబంధించినవి 14, మనస్సునకు సంబంధించినవి 14, శరీరమునకు సంబంధించినవి 8. ఒక్కొక్క గుణమునకు 1 మొదలు 20 వఱకు ఒక అంకె. తెరపై కనబడని గుణములు వేఱుగా కలవు: ఆటలో నిలకడ, పెద్ద పోటీలలో నిబ్బరము, గాయములకు లోనగు స్వభావము, కొత్త స్థానములలో ఒదిగిపోవు నేర్పు, వృత్తిశ్రద్ధ, ఆశయము, జట్టునందలి విశ్వాసము మున్నగునవి. వీనికన్నిటికిని అడుగున, 1 నుండి 200 వఱకు గల మఱొక కొలమానముపై, నేటి సామర్థ్యమున కొక అంకెయు, ఎన్నటికైనను చేరగల సామర్థ్యమున కొక అంకెయు ఉండును. ఆ రెండును ఆడువానికి నేరుగా చూపబడవు. ఈ అంకెలను కూర్చువారు దేశదేశములలో ఆటలు చూచుచుండు పరిశీలకులు. వారి శ్రమ ఎంతటి విశ్వాసమును సంపాదించినదనగా, ఇంగ్లండునందలి ఎవర్టన్ క్లబ్బు 2008లో తన నిజమైన ఆటగాళ్ల అన్వేషణలో ఈ సమాచారభాండారమును వాడుకొనుటకు ఒడంబడిక చేసికొనెను.

అయితే ఈ క్రీడను నేను శాస్త్రగ్రంథములో ప్రస్తావించుటకు కారణము అంకెల సమృద్ధి కాదు, అంకెలను దాచియుంచిన విధానము. పరాయి జట్టులోని ఒక ఆటగానిని మనము వెదకి తీసినప్పుడు అతని గుణములలో కొన్ని శూన్యముగా నుండును. కొన్నిటికెదుట ఒక అంకెకు మాఱుగా ‘9 నుండి 15’ అని ఒక వ్యాప్తి మాత్రమే కనబడును. ఆటగాళ్లను పరిశీలించి వచ్చు స్కౌటును పంపి, ఆ ఆటగాడు ఆడు ఆటలను మఱి కొన్నిటిని చూపించిన కొలదిని ఆ వ్యాప్తి ‘11 నుండి 13’గా కుదించుకొని, తుదకు ఒక్క అంకె అగును. ఆటగాడు మాఱలేదు, అతనిని గూర్చిన మన అజ్ఞానము మాత్రమే తగ్గినది. ఒక రాశియొక్క విలువను, ఆ విలువను గూర్చిన మన సందేహమును వేఱువేఱుగా చూపుట శాస్త్రవేత్తలు ఎన్నో తరములు శ్రమించి అలవఱచుకొన్న సంస్కారము. విద్యార్థి ఉత్తీర్ణుడా కాదా యని ఒక్క పరీక్షలోని ఒక్క మార్కుతో తేల్చివేయు మన సమాజమునకు ఆ సంస్కారము ఇంకను పట్టుబడలేదు. ఒక వినోదక్రీడ దానిని పిల్లలకు అనాయాసముగా నేర్పుచున్నదన్నచో సంతోషింపవలసినదే.

సందేహము ఏ లెక్కన తగ్గునో చూతము. నారుమడి పోయుటకు ముందు మన డెల్టా రైతు విత్తనపు బస్తానుండి పిడికెడు వడ్లు తీసి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకెత్తినవానిని లెక్కపెట్టును. నూఱు గింజలలో ఎనుబది మొలకెత్తినచో, బస్తా మొత్తమున కూడ నూటికి ఎనుబది మొలకెత్తునని అంచనా. కాని ఆ అంచనాలో నాలుగు పాళ్ల అటునిటు ఉండుట సహజమని గణితము చెప్పును. ఆ నాలుగును రెండు చేయవలెనన్నచో రెండువందల గింజలు చాలవు, నాలుగువందలు కావలెను. సందేహము సగమగుటకు పరిశీలన నాలుగు రెట్లు కావలెను. మఱల సగమగుటకు పదునాఱు రెట్లు కావలెను. స్కౌటు మొదటి రెండుమూడు వారములలో ఎంతో తెలుపుటయు, ఆపైన నెలలు గడచినను కొంచెమే తెలుపుటయు ఈ వర్గమూల నియమముయొక్క ఫలితమే. ఒక్క ఆటగానిని సంపూర్ణముగా ఎఱుగవలెనని స్కౌటులనందఱిని అతని వెంటనే త్రిప్పుట కంటె, ఎనమండుగురిని కొంత కొంత ఎఱిగి, వారిలో ఇద్దఱిని ఏర్చుకొని, అప్పుడు వారిపై దృష్టి నిలుపుట మేలగుట కూడ దీనివలననే.

ఆటలన్నియు ఈ విషయమున సమానములు కావు. బెజవాడ ఆడపడుచు వెన్నం జ్యోతిసురేఖ కాంపౌండ్ విలువిద్యలో 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు మూడు స్వర్ణపతకములను సాధించినది. ఆ విద్యలో అర్హతాపోటీయందు ప్రతివారును 50 మీటర్ల దూరమునుండి 72 బాణములు వేయుదురు; బాణమునకు 10 చొప్పున గరిష్ఠము 720. ఒకే దూరము, ఒకే లక్ష్యము, అడ్డువచ్చు ప్రతిపక్షి లేడు. ఒక్కపూటలో 72 పరిశీలనలు లభించును గనుక విలుకాని శక్తి సాయంకాలమునకు చాలవఱకు తేటపడును. ఫుట్‌బాల్ ముందువరుస ఆటగాని సంగతి దీనికి పూర్తిగా విరుద్ధము. అతనికి ఒక ఆటలో గోలుపై తన్నుటకు రెండుమూడు అవకాశములు లభించిన గొప్ప. వానిలో ఏ రెండును ఒక్కతీరువి కావు. దూరము వేఱు, కోణము వేఱు, బంతినందించిన సహచరుడు వేఱు, అడ్డుపడిన రక్షకుడు వేఱు. తన్నిన ప్రతి పదింటిలో ఒకటి గోలగుట సామాన్యమని అనుకొందము. నిజమైన శక్తి పదింటికి ఒకటిగానే యున్నను, 50 ప్రయత్నములలో ఒకనికి 3 గోలులు వచ్చుటయు, మఱొకనికి 7 గోలులు వచ్చుటయు కేవలము యాదృచ్ఛికముగా సంభవింపవచ్చును. మూడు గోలులవానిని పత్రికలు నిందించును, ఏడు గోలులవానిని కొనుటకు క్లబ్బులు పోటీపడును. ఇద్దఱును సమానులే కావచ్చును.

ఈ రెంటికి నడుమ నున్నది చదరంగము. ఇందు ప్రతిపక్షి కలడు, కాని సహచరులు లేరు, గెలుపోటములు స్పష్టములు. దీనికి కొలమానమును నిర్మించినవాడు హంగరీలో 1903లో జన్మించి, అమెరికాలో మిల్వాకీ నగరమందలి మార్క్వెట్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమును బోధించిన అర్పాద్ ఎలో. ప్రతి ఆటగానికిని ఒక శక్తి కలదనియు, ఆయా దినములలో అతని ప్రదర్శన దానికి అటునిటు చెదరుచుండుననియు అతడు గ్రహించెను. ఇద్దఱి రేటింగులకు గల భేదమునుబట్టి ఫలితము ఎట్లుండవచ్చునో ముందుగా చెప్పుట, ఫలితము వచ్చిన పిదప అంచనాకును వాస్తవమునకును గల తేడాలో కొంతభాగమును రేటింగునకు కలుపుట లేక తగ్గించుట, ఇదియే అతని పద్ధతి. సమానుల నడుమ ఆశింపదగిన ఫలితము 0.50, 100 పాయింట్ల ఆధిక్యమున్నచో 0.64, 200 ఉన్నచో 0.76, 400 ఉన్నచో 0.91. ఈ పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, అంతర్జాతీయ సమాఖ్య 1970లోను స్వీకరించినవి. దీని రూపాంతరమునే ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య స్త్రీల జట్లకు 2003నుండియు, పురుషుల జట్లకు 2018నుండియు వాడుచున్నది.

ఎలో పద్ధతిలో నాకు మిక్కిలి హృద్యమైన అంశము, తేడాలో ఎంతభాగమును కలుపవలెనను ప్రశ్నకు ఇచ్చిన సమాధానము. కొత్తగా రేటింగు పొందినవాని విషయమున గుణకము 40, స్థిరపడినవానికి 20, 2400ను ఒకసారి తాకినవానికి 10. అనగా సమానునిపై గెలిచిన అజ్ఞాత బాలకునికి 20 పాయింట్లు చేరును, అదే పని చేసిన ప్రసిద్ధునికి 5 మాత్రమే. బాలకునిపట్ల పక్షపాతము దీనికి కారణము కాదు. అతనిని గూర్చి మనకు తెలిసినది స్వల్పము గనుక ప్రతి కొత్త ఫలితమునకును మనము ఎక్కువ విలువనీయవలెను. జట్టు పగ్గములు చేపట్టిన మొదటి నెలలో ప్రతి ఆటనుండియు విస్తారముగా నేర్చుకొని, మూడవ యేట ఒక్క చెడ్డ ఆటను చూచి మన అభిప్రాయమును తలక్రిందులు చేసికొనకుండుట ఎందులకో ఈ గుణకమే తెలుపుచున్నది.

గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి జీవితము ఈ కొలమానముయొక్క బలమును, పరిమితిని రెంటిని చూపును. తండ్రి అశోక్ శిక్షణలో పెరిగిన ఆమె 2002లో, 15 ఏండ్ల 1 నెల 27 దినముల వయస్సున, గ్రాండ్‌మాస్టరై, అంతకుముందు జుడిత్ పోల్గార్ పేరనున్న మహిళల రికార్డును దాటినది. 2007లో 2600ను అధిగమించి, పోల్గార్ తరువాత ఆ ఎత్తునకు చేరిన రెండవ మహిళ యైనది. 2009లో ఆమె రేటింగు 2623. ఇంతవఱకు అంకె ఆమెను అడుగడుగున అనుసరించినది. 2016నుండి 2018 వఱకు మాతృత్వముకొఱకు ఆమె ఆటకు దూరముగా నుండెను. ఆ కాలములో రేటింగు కదలదు. ఆడనివారిని గూర్చి అది ఏమియు చెప్పజాలదు. తిరిగి వచ్చిన స్త్రీకి ఆకలి ఎంత మిగిలియున్నదో, చిన్నబిడ్డను ఇంట నుంచి విదేశమున గంటలకొలది ఏకాగ్రత నిలుపగల మనస్సు ఆమెకు ఉన్నదో లేదో ఆ అంకెలో లేదు. 2019 డిసెంబరులో మాస్కోలో ఆమె ప్రపంచ మహిళా రాపిడ్ విజేత యైనది; 2024లో న్యూయార్కులో మఱల అదే గౌరవమును పొందినది. ఫుట్‌బాల్ మేనేజర్ రచయితలు వృత్తిశ్రద్ధను, నిబ్బరమును వేఱు గుణములుగా పెట్టి, వానిని తెరచాటున నుంచుట ఎంత వివేకమో ఇట్టి జీవితములను చూచినప్పుడు బోధపడును. అట్టి గుణములు ఫలితములనుండి కాక, దీర్ఘకాల సహవాసమునుండి మాత్రమే మెల్లమెల్లగా ఊహింపదగినవి.

ఇక నూజివీడు బాలుని సంగతి. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో నేటి కర్ణాటకమునందలి హడగళిలో ఒక తెలుగు కుటుంబమున ఎనిమిదవ సంతానముగా జన్మించిరి. తండ్రి పోలీసు ఉద్యోగి యగుటచే బదిలీలతోబాటు బిడ్డల చదువును గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములకు తరలుచుండెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. పట్టమును పొంది, ఉద్యోగము దొరకని ఆ యుద్ధకాలమున కలకత్తా చేరి, మహలనోబిస్ నడుపుచున్న భారత గణాంక సంస్థలో వారు ప్రవేశించిరి. 1940ల నడుమ కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచు, పరిశీలనలు అసంఖ్యాకములైనప్పుడు అంచనాయొక్క నిశితత్వము ఎంతవఱకు పోగలదో గణాంకశాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ నిరూపించిన ఫలితమును వారు వివరించుచుండగా, పరిశీలనలు కొద్దిగానే యున్నప్పుడు కూడ అట్టి అవధి యున్నదా యని ఒక విద్యార్థి ప్రశ్నించెనట. ఆ విద్యార్థి అనంతరకాలమున అర్థశాస్త్రవేత్తగా ప్రఖ్యాతి గాంచిన దాండేకర్. రావుగారు ఆ రాత్రియే కూర్చుండి సమాధానమును సాధించి, మఱునాడు తరగతిలో చెప్పిరి. 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో అది అచ్చయినది. స్వీడను దేశీయుడగు హెరాల్డ్ క్రామర్ స్వతంత్రముగా అదే ఫలితమునకు చేరుటచే నేడు దానిని క్రామర్-రావు అవధి యందురు.

ఆ సిద్ధాంతసారమును సామాన్యభాషలో చెప్పవచ్చును. ప్రతి పరిశీలనయు తెలియని రాశిని గూర్చి కొంత సమాచారమును మోసికొని వచ్చును. ఆ సమాచారమును కొలువవచ్చును. పరిశీలనలన్నియు కలిసి తెచ్చిన సమాచారము ఎంతో లెక్కించినచో, దాని విలోమమునకు తక్కువగా సందేహముయొక్క వర్గమును తగ్గించుట, ఒకవైపునకు మొగ్గక నిష్పక్షపాతముగా అంచనా వేయు ఎట్టి మేధావికిని, ఎట్టి యంత్రమునకును సాధ్యము కాదు. పది ఆటలు చూచి ఒక యువకుని భవిష్యత్తును ఖచ్చితముగా చెప్పగలనను స్కౌటు ఎంత అనుభవజ్ఞుడైనను, ఆ పది ఆటలలో లేని సమాచారమును అందుండి పిండజాలడు. జ్ఞానమునకు ఎచ్చట హద్దున్నదో గణితముతో గీచి చూపుట నా దృష్టిలో జ్ఞానమును పెంచుటకంటె తక్కువ ఘనకార్యము కాదు. ఇరువదియైదేండ్లు నిండని తెలుగు యువకుడు దానిని సాధించెను. 2023లో, 102 ఏండ్ల వయస్సున, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము వారిని వరించినది. ఆ యేడే ఆగస్టులో వారు అమెరికాలో కన్నుమూసిరి.

రావుగారి మఱొక పని కూడ మన విషయమునకు దగ్గఱగా నున్నది. 1946లో వారిని కేంబ్రిడ్జికి పిలిపించిన కార్యము, సూడాను దేశమున జెబెల్ మోయా యను చోట త్రవ్వకములలో దొరకిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను పరిశీలించి, వారు ఏ జాతులకు ఎంత సమీపస్థులో తేల్చుట. ఒక్కొక్క కపాలమునకు ఎన్నో కొలతలు. ఆ కొలతలు పరస్పర సంబంధము కలవి. పొడవు ఎక్కువైనచోట వెడల్పును తఱచుగా ఎక్కువ యగును గనుక, రెంటిని వేఱువేఱు సాక్ష్యములుగా లెక్కించినచో ఒకే సంగతిని రెండుమాఱులు లెక్కించినట్లగును. ఈ దోషమును తొలగించి రెండు వ్యక్తులకు లేక రెండు సమూహములకు నడుమ గల దూరమును కొలుచు పద్ధతిని మహలనోబిస్ 1936లో ప్రకటించియుండెను. దానిని రావుగారు ఈ పనిలో వినియోగించిరి. ఫుట్‌బాల్ మేనేజర్‌లో 36 గుణములను కూడి పెద్దమొత్తము వచ్చినవానిని మేటిగా భావించు విద్యార్థి ఆ దోషమునకే లోనగుచున్నాడు. తటాలున ఉరుకగలవానికి పరుగువేగమును ప్రాయికముగా ఉండును. ఆ రెండంకెలును కలిసి చెప్పునది ఒకటిన్నర సంగతి మాత్రమే. ఉరుకు మిక్కుటముగా నుండియు చురుకైన నిర్ణయము లేనివాడెవడో, మందగమనుడయ్యు ముందుచూపు అపారముగా గలవాడెవడో, అట్టి అసహజమైన కలయికలలోనే వ్యక్తి వ్యక్తమగును. మేనేజరు చదువవలసినది వానినే.

పరిశీలనకు ముందే మనకు కొంత తెలియును. ఆ పూర్వజ్ఞానమును విడిచిపెట్టరాదు. ఇంగ్లండున థామస్ బేయీస్ అను మతాచార్యుడు మరణించిన రెండేండ్లకు, 1763లో, మిత్రుడగు రిచర్డ్ ప్రైస్ ప్రకటింపించిన వ్యాసము దీనికి మూలము. కొత్తగా వచ్చిన ఒక యువకుడు మొదటి 10 ప్రయత్నములలో 5 గోలులు కొట్టెననుకొందము. అతని శక్తి నూటికి ఏబది యనుట తెలివితక్కువ, ఎందుకనగా అట్టివాడు ఎన్నడును పుట్టలేదు. సామాన్యపు ఆటగాళ్లను గూర్చిన మన ఎఱుకకు 90 ప్రయత్నములు, 9 గోలులు అను బరువునిచ్చి, అతనివి దానితో కలిపినచో, 100కు 14 అని వచ్చును. సామాన్యునికంటె మిన్న, అద్భుతము మాత్రము కాదు. ఈ వెనుకకు లాగుటను 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తలిదండ్రుల, బిడ్డల ఎత్తులలో కనుగొనెను. పదివేలమంది బాలురలో ఎవరి అంచనా అత్యధికముగా నున్నదో వానిని ఏఱినప్పుడు, శక్తితోబాటు అంచనాలోని పొరపాటును కూడ అత్యధికముగా నున్నవానినే మనము ఏఱుచున్నాము. ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ 2001-02 నాటి ప్రతిలో మిల్వాల్ క్లబ్బు బాలుడు చెర్నో సాంబా ప్రపంచమందలి మేటి గోలుకర్తలలో ఒకడగునని అంకెలు పలికినవి. వాస్తవజీవితమున అతడు వృత్తిక్రీడాకారుడై, గాంబియా దేశమునకు ఆడెను గాని ఆ శిఖరమునకు చేరలేదు. ఆ లోపము అతనిది కాదు. బాలునిపై ఆ భారమును మోపిన అంచనాది. అదే ప్రతిలో టో మదీరా అను పోర్చుగీసు ఆటగాడు గోలుల వర్షము కురిపించెడివాడు. లోకమున అట్టి ఆటగాడే లేడు. మొట్టమొదట అంకెను వ్రాసిన చేయి తప్పినచో, తరువాతి గణితమెంత శుద్ధమైనను దానిని రక్షింపజాలదు.

ఇంతవఱకు చెప్పినది చూచి తెలిసికొనుటను గూర్చి. కదిలించి తెలిసికొనుట మఱొకటి కలదు. రావుగారికి కేంబ్రిడ్జిలో గురువగు రోనాల్డ్ ఫిషర్, రోథమ్‌స్టెడ్ వ్యవసాయక్షేత్రమున మడులను భాగించి, ఎరువులను మార్చి మార్చి వేసి, భూమిని ప్రశ్నించు పద్ధతిని నేర్పినవాడు. 1935లో వెలువడిన అతని గ్రంథము ప్రయోగరచనను ఒక శాస్త్రముగా నిలబెట్టెను. రావుగారి వ్యాసము అచ్చయిన 1945లోనే బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలసినది. తదనంతరము అచ్చటి పరిశోధకులు సాధించి 1986లో రైతుల కందించిన బి.పి.టి. 5204, మనమందఱము తినుచున్న సాంబమసూరి, పొలములను అట్లు ప్రశ్నించి ప్రశ్నించి పొందిన సమాధానమే.

ఆటగాళ్లను అట్లు ప్రశ్నించిన మహాశిక్షకుడు తెలుగునాట హైదరాబాదులో ఉండెను. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించి, పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా జీవితము నారంభించి, 1950నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకుడుగా నుండెను. సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన భారతజట్టు, 1956లో మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, ఒలింపిక్ సెమీఫైనలునకు చేరిన తొలి ఆసియా జట్టైనది. రహీం ఏర్పాటు చేసిన పోటీలలో ఒకటి నన్ను ఎల్లప్పుడును ఆకర్షించును: ఆటగాళ్లు తమకు అలవాటైన కాలితో బంతిని తాకరాదు, బలహీనమైన కాలితోనే ఆడవలెను. ఇది అభ్యాసమనుట నిజమే. అయినను ఇది ప్రయోగము కూడ. కుడికాలితో ఆడుచున్నంతవఱకు ఆ కాలి నైపుణ్యము మిగిలిన గుణములను కప్పివేయుచుండును. దానిని తొలగించినప్పుడు, బంతి రాకముందే చోటును చూడగలవాడెవడు, తడబడినను మఱల అడుగువాడెవడు, సిగ్గుపడి దాగువాడెవడు అనునది బయటపడును. మామూలు ఆటలు ఎన్ని చూచినను లభింపని సమాచారము ఆ ఒక్క పోటీలో లభించును.

స్థానమును గూర్చియు ఇదే మాట. హైదరాబాదున జన్మించిన పీటర్ తంగరాజ్ మద్రాసు రెజిమెంటులో సెంటర్ ఫార్వర్డుగా ఆడి, పిదప గోల్‌కీపరుగా మాఱి, ఆసియాలో శ్రేష్ఠుడని పేరొందెను. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారతము తొలి ఆటలోనే దక్షిణ కొరియాకు 2-0తో ఓడినది. రక్షకస్థానమున కొండవలె నిలిచెడి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లుపడినవి. క్రీడలోని మేనేజరు తెరపై చూచినచో, ముందువరుస స్థానమున అతని పేరునకెదుట అనుకూలము కాదను గుర్తే కనబడియుండును. రహీం అతనిని సెంటర్ ఫార్వర్డుగా నిలిపెను. దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన సెమీఫైనలులో జర్నైల్ ఒక గోలు కొట్టెను. ఫైనలులో ప్రతిపక్షి మఱల కొరియాయే. సెమీఫైనలులో గోలు కాచిన ప్రద్యుత్ బర్మన్‌కు మాఱుగా, అస్వస్థతనుండి కోలుకొనిన తంగరాజ్‌ను రహీం దింపెను. 17వ నిమిషమున పి.కె. బెనర్జీ, 20వ నిమిషమున జర్నైల్ గోలులు చేయగా భారతము 2-1తో స్వర్ణమును గెలిచినది. అప్పటికే క్యాన్సరుతో బాధపడుచున్న రహీం 1963 జూన్ 11న మరణించెను. ఒక్క ఫైనలు ఫలితము అతని నిర్ణయము సరియైనదని నిరూపింపజాలదని మన గణితమే చెప్పును. కాని అతనివద్ద నున్నది ఒక్క ఆట సమాచారము కాదు. ఆ ఆటగాళ్లను శిబిరములలో ఎన్నో మాఱులు అలవాటులేని పనులకు పెట్టి చూచిన ఎఱుక అతనివద్ద ఉండెను.

కనుక ఋతువారంభమున స్నేహపూర్వకపు ఆటలను ఏర్పాటు చేసికొను విద్యార్థికి ఒక సంగతి ఉపయోగపడును. బలహీనులపై అయిదు గోలుల తేడాతో గెలుచుట జట్టునకు ఉల్లాసమునిచ్చును గాని ఎఱుకనీయదు. ఎలో సూత్రమునకు రావుగారి సమాచారపు లెక్కను అన్వయించినచో, ఒక ఆటనుండి లభించు సమాచారము గెలుపు సంభావ్యతను ఓటమి సంభావ్యతతో గుణించగా వచ్చు సంఖ్యపై నాధారపడును. సమానునితో ఆడినప్పుడు అది 0.25, 400 పాయింట్లు తక్కువవానితో ఆడినప్పుడు 0.91ని 0.09తో గుణింపగా 0.08 మాత్రమే. సమానునితో ఒక్క ఆట, అల్పునితో మూడాటలు ఇంచుమించు ఒకే ఎఱుకనిచ్చును. సమానులను వెదకి ఆడుటకు ఉదాహరణగా, 1999లో అహమ్మదాబాదులో జరిగిన ఆసియా యువజన చదరంగ పోటీలలో, అప్పటికే బాలికలలో ప్రపంచవిజేతగా నున్న గుడివాడ హంపి, పన్నెండేండ్ల లోపు బాలుర విభాగమున ప్రవేశించి, వారితో ఆడి, ఆ విభాగమును గెలిచినది.